పాత మారుతీ 800లో రేడియేటర్ ఫ్యాన్ స్విచ్ మార్చి, రిలే వేసిన పద్ధతి

బండి కార్బురేటర్ మారుతీ 800. సిగ్నళ్ల దగ్గర కాసేపు ఆగితే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు పాకుతుంది, రోడ్డు ఖాళీ దొరికి కాస్త వేగం అందుకోగానే దిగుతుంది. ఈ లక్షణం కనిపిస్తే ముందు చూడాల్సింది ఫ్యాన్. బండి కదులుతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది కాబట్టి ఫ్యాన్‌తో పెద్దగా పని ఉండదు. ఆగినప్పుడు భారమంతా ఫ్యాన్ మీదే. అదే ముల్లు హైవేలో ఎనభై స్పీడులో కూడా ఎక్కుతుంటే ఫ్యాన్ జోలికి పోనక్కర్లేదు. రేడియేటర్ పూడిక, థర్మోస్టాట్, వాటర్ పంపు, హెడ్ గాస్కెట్ వరసగా చూసుకోవాలి.

షెడ్డుకి తీసుకెళ్తే చాలామంది చెప్పే మందు ఒకటే: "ఫ్యాన్ డైరెక్ట్ ఇచ్చేద్దాం సార్." అంటే తాళం తిప్పగానే ఫ్యాన్ తిరిగేలా వైరు కలిపేయడం. థర్మోస్టాట్ సరిగ్గా ఉన్న బండిలో దీనివల్ల ఇంజన్‌కి ప్రాణాపాయమేమీ లేదు. ఇంజన్ వేడెక్కేదాకా థర్మోస్టాట్ నీళ్లని రేడియేటర్‌లోకి వదలదు. నష్టమల్లా మోటారు బ్రష్‌లకీ బేరింగులకీ, రాత్రిపూట లైట్లతో పాటు ఫ్యాన్‌నీ మోయాల్సిన ఆల్టర్నేటర్‌కీ. కానీ డైరెక్ట్ ఇచ్చేవాళ్లు చాలామంది థర్మోస్టాట్ కూడా పీకి పారేస్తారు. అప్పుడు ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, మైలేజీ పడిపోతుంది, ఆయిల్‌లో చెమ్మ చేరుతుంది. నీళ్లు వేడెక్కగానే ఫ్యాన్‌ని ఆన్ చేసే కొత్త స్విచ్, ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే డబ్బా), నాలుగు మీటర్ల వైరుతో తీరే పనికి ఇంత దూరం పోవాల్సిన అవసరం లేదు.

కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ అందే ఎంపీఎఫ్‌ఐ 800లకి ఇది వర్తించదు. వాటిలో కూలెంట్ సెన్సార్‌ని చూసి ఈసీఎమ్మే (ఇంజన్‌ని నడిపించే కంప్యూటరే) రిలేని ఆన్ చేస్తుంది. విడిగా ఫ్యాన్ స్విచ్ ఉన్న కార్బురేటర్ బండ్లకే ఈ పద్ధతి.

ముందు స్విచ్ ఏదో పోల్చుకోవాలి. పై హోస్ పైపు వచ్చి చేరే థర్మోస్టాట్ దగ్గర, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి ఇంజన్‌లోకి వెళ్లే గొట్టాల ముక్క) చుట్టూ వెతికితే నీళ్లలోకి దిగిన ఇత్తడి ముక్కలు కనిపిస్తాయి. ఒకటి డ్యాష్‌బోర్డు మీటర్‌ది, ఇంకోటి ఫ్యాన్‌ది. తాళం ఆన్‌లో ఉండగా ఏ వైరు పీకితే ముల్లు కిందికి పడిపోతుందో అది మీటర్‌ది, దాన్ని ముట్టుకోవద్దు. ఆ వైరుని బాడీకి తాకిస్తే ముల్లు చివరికంటా కొడుతుంది, ఎక్కువసేపు ఉంచితే మీటరు కాలిపోతుంది. చేతులు మారిన పాత బండ్లలో రేడియేటర్ మార్చినప్పుడు స్విచ్‌ని కింది ట్యాంకుకి మార్చి ఉండటం కూడా మామూలే, కాబట్టి అక్కడ కూడా చూడాలి.

స్విచ్చే పోయిందని తేల్చుకోవడం సులువు. ఇంజన్ చల్లగా ఉండగా తాళం ఆన్ చేసి, స్విచ్ కనెక్టర్ ఊడదీసి, అందులోని రెండు పిన్నుల్ని చిన్న వైరు ముక్కతో కలిపాను. ఫ్యాన్ గిర్రున తిరిగింది. ఫ్యూజు, మోటారు, అక్కడిదాకా వచ్చే వైరింగు బాగున్నట్టే. ఒకే పిన్ను ఉన్న స్విచ్ అయితే దాని వైరుని ఇంజన్ బాడీకి తాకించి చూడాలి. ఇలా కలిపినా తిరగకపోతే ఫ్యూజు చూసి, తర్వాత మోటారుకి బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు ఇచ్చి చూడాలి. అప్పటికీ తిరగక, వెనక చిన్నగా తడితే కదిలే మోటారుకి బ్రష్‌లు అరిగిపోయినట్టు. దానికి స్విచ్ మార్చి లాభం లేదు. ఈ పరీక్షలన్నిటిలో రెక్కల దగ్గర చెయ్యి పెట్టకూడదు. తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ అది ఏ క్షణంలోనైనా అందుకుంటుంది.

స్విచ్ మీద పూర్తిగా నేరం మోపేముందు రేడియేటర్ మూత తీసి నీటి మట్టం చూడాలి, ఇంజన్ పూర్తిగా చల్లారాకే. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. స్విచ్ మొన నీళ్లలో మునిగి ఉంటేనే దానికి వేడి తెలుస్తుంది. నీళ్లు తగ్గిపోయో గాలి బుడగ పట్టేసో మొన పైకి తేలితే ఇంజన్ కుతకుతలాడుతున్నా స్విచ్ కలవదు. మూత దగ్గర ఆవిరి ఎగజిమ్ముతుంటే ఫ్యాన్ మాత్రం కదలకపోవడానికి ఇదే కారణం చాలాసార్లు. అలాంటి బండికి మంచి స్విచ్ తీసేసి కొత్తది వేసినా కథ మారదు.

ఊడదీసిన స్విచ్‌ని వేడినీళ్లలో పెట్టి పరీక్షించవచ్చు. గిన్నెలో మొన మాత్రమే మునిగేలా వైరుతో వేలాడదీయాలి, పిన్నులకి తడి తగలకూడదు. గిన్నె అడుగుకి కూడా ఆనకూడదు, అడుగు నీళ్లకంటే వేడిగా ఉంటుంది. వంటింటి థర్మామీటరు ఒకటి పక్కన పెట్టి, మల్టీమీటరుని పిన్నులు కలిస్తే బీప్ కొట్టే కంటిన్యుటీలో ఉంచి నెమ్మదిగా కాయాలి. బీప్ ఎక్కడ మోగిందో, మంట ఆపాక ఎక్కడ ఆగిందో రాసుకోవాలి. ఒక చిక్కుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ మామూలు నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. అంతకన్నా వేడిమీద కలిసే స్విచ్ మంచిదైనా పనిచేయనట్టే కనిపిస్తుంది. అందుకని గిన్నెలో సగం కూలెంట్ కలుపుకుంటే మరిగే వేడి నూరు దాటుతుంది. ఆ గిన్నె మళ్లీ వంటకి వాడకూడదు, కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ విషం.

నా స్విచ్ కోసి చూస్తే లోపల కాంటాక్టులు నల్లగా గుంతలు పడి ఉన్నాయి. కారణం అర్థం చేసుకుంటే రిలే ఎందుకో కూడా తెలుస్తుంది. లోపల ఉండేది రెండు లోహాల బిళ్ల. ఒక వేడి దగ్గర టక్కున వంగి కాంటాక్టులు కలుపుతుంది, అంతకన్నా ఐదారు డిగ్రీలు తగ్గాక వెనక్కి వస్తుంది. ఇలాంటి చిన్న ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. అందుకునే ఆ మొదటి క్షణంలో దానికి మూడు నాలుగు రెట్లు. ప్రతి కలయికలోనూ విడిపోవడంలోనూ చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఏళ్ల తరబడి ఆ రవ్వలకి కాంటాక్టులు మసిబారి కలవడం మానేస్తాయి, లేదా కరిగి అతుక్కుపోయి ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది. కనెక్టర్ కూడా సాక్ష్యం చెబుతుంది. తెల్లటి ప్లాస్టిక్ పిన్ను చుట్టూ గోధుమ రంగుకి తిరిగి, నొక్కితే పెళుసుగా విరుగుతుంది. వైరు తొక్క ఒలిస్తే రాగి తీగ నల్లగా, చివరన పచ్చటి పొడితో ఉంటుంది. అలాంటి వైరుని మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కత్తిరించాల్సిందే. నల్లబడిన తీగకి కొత్త లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క) ఎంత గట్టిగా నొక్కినా నిలవదు.

కొనేటప్పుడు అసలు జాగ్రత్త డిగ్రీల దగ్గర. స్విచ్ ఒంటి మీద 92–87 లాంటి రెండు అంకెలు కొట్టి ఉంటాయి. మొదటిది కలిసే వేడి, రెండోది విడిపోయే వేడి. ఏ అంకె కావాలన్నది స్విచ్ ఎక్కడ కూర్చుందో దాన్నిబట్టి ఉంటుంది. ఇంజన్ నుంచి బయటికి వచ్చే నీళ్లు వేడివి, రేడియేటర్ దాటి కిందికి వచ్చినవి అంతకన్నా చల్లనివి. ఇంజన్ వైపు ఉండాల్సిన స్విచ్‌ని తెచ్చి రేడియేటర్ కింది ట్యాంకులో బిగిస్తే, అక్కడి నీళ్లు ఆ వేడికి వచ్చేసరికి ఇంజన్ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. కింది ట్యాంకుది తెచ్చి ఇంజన్ వైపు పెడితే ఫ్యాన్ ఆగడమే ఉండదు. ఇంకో లెక్క: ఇంజన్ వైపు ఉండే స్విచ్ విడిపోయే అంకె థర్మోస్టాట్ తెరుచుకునే అంకెకన్నా ఎక్కువ ఉండాలి. 88 డిగ్రీల థర్మోస్టాట్ ఉన్న ఇంజన్ వైపు 87కి విడిపోయే స్విచ్ పెడితే, థర్మోస్టాటే నీళ్లని 88 కిందికి రానివ్వదు. ఇక ఫ్యాన్ ఆగేదెప్పుడు? "త్వరగా తిరిగితే మంచిదే కదా" అని తక్కువ డిగ్రీలది అంటగట్టే షాపులున్నాయి, పాతదాని అంకెలు చూపించి అదే అడగాలి. పాత స్విచ్ చేతిలో పట్టుకుని వెళ్లడం అన్నిటికన్నా ఉత్తమం. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో త్రెడ్డుకి త్రెడ్డు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. చూడ్డానికి ఒకేలా ఉండి త్రెడ్డు దూరం తేడా ఉన్నవి తగులుతాయి. అవి రెండు చుట్లు చేత్తో ఎక్కి తర్వాత బిగుసుకుంటాయి. అక్కడ పానా వేస్తే అల్యూమినియం త్రెడ్డు పోయినట్టే.

ఊడదీయడానికి బ్యాటరీ నెగటివ్ లగ్గు తీసి, కింది డ్రెయిన్ నుంచి నీటి మట్టం స్విచ్ కిందికి దిగేదాకా కూలెంట్ శుభ్రమైన బకెట్‌లోకి దింపాను. స్విచ్ పైభాగంలో ఉంటే లీటరున్నర దింపితే సరిపోతుంది, కింది ట్యాంకులో ఉంటే రేడియేటర్ మొత్తం ఖాళీ చేయాలి. త్రెడ్డు మొదట్లో తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఓ గంట వదిలేయాలి. రింగు పానా గానీ లోతు సాకెట్ గానీ వాడాలి, అడ్జస్టబుల్ పానా ఇత్తడి అంచుల్ని గుండ్రంగా తినేస్తుంది. కదలకపోతే బలం చూపించకుండా ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పి, తర్వాత వదులు చేస్తే తేలిగ్గా వస్తుంది.

కొత్తది వేసేముందు రంధ్రంలోని సున్నపు పెచ్చు గుడ్డతో తుడవాలి. త్రెడ్డు రెండు రకాలు. పైనుంచి కిందికి ఒకే లావుండే త్రెడ్డయితే కొత్త రాగి వాషరు తప్పనిసరి, పేస్టు అక్కర్లేదు. కొస సన్నబడే త్రెడ్డయితే వాషరు ఉండదు. మొదటి రెండు చుట్లు వదిలి మిగతావాటికి పల్చగా సీలెంట్ రాయాలి. ఒకే పిన్ను స్విచ్‌కి టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టే అలవాటు మానుకోవాలి. దానికి ఎర్త్ దొరికేది త్రెడ్డు ద్వారానే. టేపు మధ్యలో అడ్డుపడితే ఫ్యాన్ ఒకసారి తిరిగి ఒకసారి తిరగదు, లోపం ఎక్కడో ఎంత వెతికినా దొరకదు. ప్లాస్టిక్ ట్యాంకు ఉన్న రేడియేటర్‌లో ఒంటి పిన్ను స్విచ్ అసలు పనిచేయదు, అక్కడ రెండు పిన్నులదే వేయాలి. చేత్తో చివరిదాకా ఎక్కించి, పానాతో వాషరు నొక్కుకునేంత మాత్రమే బిగించాలి. ఇది చక్రం నట్టు కాదు.

ఇక వైరింగు. పాత వైరింగులో స్విచ్ ప్లస్ వైపు ఉందో ఎర్త్ వైపు ఉందో ఊహించకూడదు. దానికో తేలిక పరీక్ష ఉంది. లగ్గు తిరిగి పెట్టి, స్విచ్ కనెక్టర్ ఊడదీసి, తాళం ఆన్ చేసి ఏ పిన్నులో 12 వోల్టులు వస్తున్నాయో మీటరుతో చూడాలి. అలాగే ఉంచి ఫ్యాన్ మోటారు ప్లగ్గు కూడా పీకాలి. స్విచ్ పిన్నులో వోల్టేజీ ఇంకా ఉంటే స్విచ్ ప్లస్ వైపున్నట్టు. మాయమైతే అది మోటారు గుండా వస్తున్న కరెంటు, అంటే స్విచ్ ఎర్త్ వైపు ఉన్నట్టు. ఇది తెలియకుండా పిన్ను బాడీకి తాకిస్తే ప్లస్ వైపు స్విచ్ ఉన్న బండిలో ఫ్యూజు ఎగిరిపోతుంది.

రిలే 12 వోల్టులు, 30 ఆంపియర్లది, నాలుగు పిన్నులది, సాకెట్‌తో సహా. పిన్నుల పక్కన 30, 85, 86, 87 అని రాసి ఉంటుంది. 30 అని ఉన్న పిన్నుకి బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు. ఆ వైరు మీద బ్యాటరీకి జానెడు దూరం లోపలే 20 ఆంపియర్ల ఫ్యూజు. ఫ్యూజు రిలే పక్కన పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు దాన్ని కాపాడే దిక్కుండదు. 87 పిన్ను నుంచి ఫ్యాన్ ప్లస్‌కి అదే మందం వైరు. ఫ్యాన్ మైనస్‌ని పెయింటు గీకిన బాడీ బోల్టుకి నేరుగా ఇచ్చాను. 86కి తాళం ఆన్ చేస్తే వచ్చే 12 వోల్టుల లైను, దీనికి 1 స్క్వేర్ ఎంఎం చాలు. 85 నుంచి స్విచ్‌లో ఒక పిన్నుకి, స్విచ్ రెండో పిన్ను ఎర్త్‌కి. ఒంటి పిన్ను స్విచ్‌కి 85 నుంచి ఒక్క వైరే.

ఈ అమరికలో స్విచ్ గుండా పోయేది రిలే కాయిల్ కరెంటు మాత్రమే. కాయిల్ 80, 90 ఓమ్‌లుంటుంది కాబట్టి అది ఆంపియర్‌లో ఆరో ఏడో వంతు. ఎనిమిది ఆంపియర్లకి కాలిపోయే కాంటాక్టులు ఇంత కరెంటుకి ఏళ్లకేళ్లు నిలుస్తాయి. పైగా స్విచ్ దగ్గరికీ వెనక్కీ తిరిగే పాత సన్నటి వైరు తప్పిపోవడం వల్ల ఫ్యాన్‌కి పూర్తి వోల్టేజీ అందుతుంది, తేడా చెవికే వినిపిస్తుంది.

ఐదు పిన్నుల రిలేనే దొరికితే మధ్యలో ఉండే 87ఏతో జాగ్రత్త. రిలే ఊరికే ఉన్నప్పుడు 30కి అంటుకుని ఉండేది అదే. ఫ్యాన్ వైరు దానికి తగిలిస్తే తాళం తీసినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, సరిగ్గా ఇంజన్ వేడెక్కగానే ఆగిపోతుంది. అలాగే రిలే మీద డయోడ్ (కరెంటుని ఒకే వైపు పోనిచ్చే ముక్క) గుర్తు ఉంటే 85, 86 తారుమారు చేయకూడదు. ప్లస్ ఏ పిన్నుకి పోవాలో ఒంటి మీది బొమ్మలోనే ఉంటుంది.

లగ్గుల్ని కటింగ్ ప్లయర్‌తో నలిపితే పట్టు ఉండదు, క్రింపింగ్ ప్లయర్ వాడాలి. నొక్కాక గట్టిగా లాగి చూసి, పైన వేడికి ముడుచుకునే స్లీవ్ వేయాలి. సోల్డర్ పోస్తే తీగ ఆ చివర బిరుసెక్కి, ఇంజన్ అదురుకి అక్కడే తెగుతుంది. నల్ల టేపు చుట్టిన అతుకులు బానెట్ కింద ఒక్క వేసవికే జిగురు కారి ఊడిపోతాయి. రిలేని పిన్నులు కిందికి ఉండేలా బిగిస్తే వాన నీళ్లు సాకెట్‌లో నిలవవు. వైర్లకి గరగర గొట్టం తొడిగి, సైలెన్సర్ మానిఫోల్డ్‌కి జానెడు ఎడంగా కట్టాలి.

డ్యాష్‌బోర్డు దగ్గర చేతి స్విచ్ కావాలంటే 85 నుంచి ఒక వైరు తీసి, చిన్న స్విచ్ గుండా ఎర్త్‌కి ఇస్తే సరి. థర్మో స్విచ్ దాని పని అది చేసుకుంటుంది, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మనం ముందే ఆన్ చేసుకోవచ్చు. థర్మో స్విచ్ తీసేసి చేతి స్విచ్ ఒక్కటే ఉంచడం మాత్రం నాకు నచ్చదు. బండి వేరేవాళ్ల చేతికి ఇచ్చిన రోజున అది గుర్తుండదు. 86కి తాళంతో సంబంధం లేని లైను ఇచ్చి, ఇంజన్ ఆపాక కూడా ఫ్యాన్ కాసేపు తిరిగేలా చేసేవాళ్లున్నారు. ఎండాకాలంలో బండి ఆపి వెంటనే తీస్తే కార్బురేటర్‌లో పెట్రోల్ ఆవిరై మొరాయించే బండ్లకి అది కొంత మేలే. బ్యాటరీ పాతదైతే వద్దు. ఏసీ ఉన్న బండిలో కండెన్సర్ ఫ్యాన్ వైరింగుని ఇందులో కలపకూడదు, దానిది వేరే దారి.

తర్వాత కూలెంట్. నీళ్లతో కలిపేదైతే డీమినరలైజ్డ్ నీళ్లు వాడాలి. బోరు నీళ్లు పోస్తే కొత్త స్విచ్ మొన మీద కూడా సున్నం పేరుకుని వేడి ఆలస్యంగా తెలుస్తుంది. మూత తీసి ఉంచి, హీటర్ ఉంటే నాబ్ వేడి వైపు తిప్పి, ఐడిలింగ్‌లో నడుపుతూ పై హోస్‌ని అప్పుడప్పుడు పిసికితే బుడగలు బయటికి వస్తాయి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారి దిగుతుంది. అప్పుడు మళ్లీ నింపి మూత వేయాలి. మూత రబ్బరు గట్టిపడి ఉంటే అదీ మార్చాలి. 0.9 బార్ ఒత్తిడి మూత సరిగ్గా పట్టి ఉంటే లోపల మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు, కారితే ఆ వెసులుబాటంతా పోతుంది.

ఫ్యాన్ మొదటిసారి అందుకోగానే బండి ముందు గ్రిల్ దగ్గర ఒక కాగితం పెట్టి చూడాలి. లోపలికి పీల్చుకుని అంటుకోవాలి. ఎగిరిపోతే మోటారు వైర్లు తారుమారయ్యాయి, గాలి ముందుకి తోస్తోంది. నిలబడ్డ బండిలో కొంత చల్లబడినట్టే ఉంటుంది కానీ కదిలే బండిలో ఎదురుగాలితో కొట్లాడి ఇంకా వేడెక్కిస్తుంది. ఫ్యాన్ తిరుగుతుండగా బ్యాటరీ ప్లస్‌కీ ఫ్యాన్ ప్లస్‌కీ మధ్య మీటరు పెడితే అర వోల్టు లోపల చూపించాలి. ఫ్యాన్ మైనస్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 0.2 లోపల. అంతకన్నా ఎక్కువుంటే ఎక్కడో లగ్గు వదులు, చేత్తో తడిమితే వేడిగా ఉన్నదే అది. ఫ్యాన్ అందుకుని రెండు మూడు నిమిషాల్లో ఆగి, మళ్లీ కాసేపటికి అందుకుంటుంటే అంతా సరిగ్గా ఉన్నట్టు. ఎంతకీ ఆగకపోతే డిగ్రీలు తప్పు స్విచ్ గానీ, పూడిపోయిన రేడియేటర్ గానీ.

గ్లవ్‌బాక్సులో ఒక రిలే, రెండు ఫ్యూజులు ఉంచుకోవాలి. దారిలో రిలే పోయి వేరేది లేకపోతే, రిలే పీకి సాకెట్‌లో 30, 87 రంధ్రాల మధ్య రెండువైపులా లగ్గులున్న మందపాటి వైరు ముక్క పెట్టి ఇంటికి రావచ్చు. బండి ఆపగానే ఆ ముక్క తీసేయాలి, ఆ లైనుకి తాళంతో సంబంధం లేదు కాబట్టి తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అయిపోతుంది.